కెరటాల ఒడ్డున చిరునామా

ఉంగుటూరు చుట్టుపక్కల పొలం ఉన్నవాళ్లకి రోవర్ అంటే ఏమిటో ఇప్పుడు ఎవరూ చెప్పక్కర్లేదు. 2020 డిసెంబరు 21న అప్పటి ఉమ్మడి కృష్ణా జిల్లా జగ్గయ్యపేట మండలం తక్కెళ్లపాడులో భూముల రీసర్వే మొదలైంది. ఆ తర్వాత కర్ర చివర గుండ్రటి యాంటెనా తగిలించుకుని సర్వేయరు గట్టు మీద నిలబడటం, చేతిలోని తెర చూసుకుంటూ రాయి ఇక్కడ పాతమనడం చాలా ఊళ్లలో జనం కళ్లారా చూశారు. గొలుసు లాగి కొలిచిన రోజుల్లో హద్దంటే తాటిచెట్టు, కాలవ మలుపు, పక్కవాళ్ల మామిడితోటలో చివరి వరస. ఇప్పుడు హద్దంటే రెండు అంకెలు: అక్షాంశం, రేఖాంశం.

సరిగ్గా ఆ రెండు అంకెలతోనే ప్రపంచంలో లక్షలమంది ఒక ఆట ఆడుకుంటున్నారు. దాని పేరు జియోకేషింగ్. ఒకరు చిన్న డబ్బాను ఎక్కడో దాచి, ఆ చోటు అక్షాంశ రేఖాంశాలు అందరికీ చెబుతారు. మిగతావాళ్లు ఫోనో, జీపీఎస్ యంత్రమో పట్టుకుని వెతుక్కుంటూ వెళ్తారు. దొరికితే లోపలున్న చిట్టి పుస్తకంలో పేరు, తేదీ రాసి, డబ్బాను మళ్లీ ఉన్నచోటే ఉన్నట్టుగా దాచేసి వస్తారు. లోపల బొమ్మో, బిళ్లో ఉంటే తీసుకోవచ్చు గానీ దానికి తగ్గది మరొకటి పెట్టాలి. బహుమతి లేదు, పోటీ కూడా పెద్దగా లేదు. పెద్దవాళ్లు ఆడుకునే దాగుడుమూతలనుకోండి. దాక్కునేది మాత్రం మనిషి కాదు.

ఈ ఆటకి పుట్టినరోజు కచ్చితంగా తెలుసు. జీపీఎస్ అమెరికా సైన్యం సొత్తు. మామూలు జనానికి అందే సంకేతాలను వాళ్లు కావాలనే కాస్త చెడగొట్టి వదిలేవాళ్లు. దానివల్ల చోటు వంద మీటర్ల దాకా తప్పేది. 2000 మే మొదట్లో అధ్యక్షుడు క్లింటన్ ఉత్తర్వుతో ఆ చెడగొట్టడం ఆగింది. రాత్రికి రాత్రే ప్రపంచంలోని జీపీఎస్ యంత్రాలన్నీ పది రెట్లు మెరుగయ్యాయి. మే 3న ఆరెగాన్ రాష్ట్రంలో డేవ్ ఉల్మర్ అనే ఇంజినీరు ఈ మెరుగు ఏపాటిదో పరీక్షిద్దామని అడవిదారి పక్కన ఒక బకెట్ దాచి, అంకెలు బయటపెట్టాడు. అందులో పుస్తకం, పెన్సిలు, ఉండేలు, చిక్కుడుగింజల డబ్బా లాంటివి పెట్టాడు. కొద్దిరోజుల్లోనే అది దొరికింది. ఆ నెలాఖరుకల్లా ఆటకి పేరూ కుదిరింది. తినే వస్తువులు పెట్టకూడదన్న నియమం తర్వాత వచ్చింది. ఎలుకలూ చీమలూ జీపీఎస్ లేకుండానే వెతుక్కుంటాయి కదా.

అడవిలోనో కొండ మీదో ఈ ఆట సాఫీగానే సాగుతుంది. చెట్టు తొర్ర చుట్టూ ఉన్న నేలను విడిచి ఎక్కడికీ జరగదు. అసలు పరీక్ష కెరటాలు విరిగే ఒడ్డున. మా వైపు మామిడి కోతలు ముగింపుకొచ్చేసరికి ఎండ తట్టుకోలేక, పిల్లల బడులు తెరవకముందే మూడొందల పైచిలుకు కిలోమీటర్లు ప్రయాణం చేసి కుటుంబాలకు కుటుంబాలు విశాఖ వెళ్తాయి. రుషికొండ, యారాడ, లాసన్స్ బే అన్నీ చూసుకుని వస్తాయి. దగ్గర్లో మంగినపూడి ఉంది కదా అంటే, అది మెత్తటి లోతులేని ఒడ్డు, స్నానానికి బాగుంటుంది. పలక మీద పడుకుని కెరటం ఎక్కాలంటే విశాఖే వెళ్లాలి. తెప్ప మీద కెరటాన్ని దాటడం తాతల నాటి నుంచీ తెలిసిన జాలరిపేటలున్న తీరం అది. సర్ఫింగ్ అక్కడ వేళ్లూనుకోవడంలో వింతేమీ లేదు. అలాంటి తీరంలో ఒక డబ్బా దాచి అంకెలు చెప్పామనుకుందాం. ఆ చిరునామా ఎన్నాళ్లు నిలుస్తుంది? విడదీసి చూస్తే, అందులో కదలని భాగమంటూ ఒక్కటీ మిగలదు.

గడియారం తప్పితే చోటు తప్పుతుంది

జీపీఎస్ ఉపగ్రహం మనం ఎక్కడున్నామో చెబుతుందని అందరూ అనుకుంటారు. అది ఆ మాట చెప్పదు. మనం ఉన్నామన్న సంగతే దానికి తెలియదు. సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున అలాంటివి ముప్పై దాకా తిరుగుతుంటాయి. ప్రతి ఒక్కటీ తానెక్కడుందో, తన అణుగడియారంలో టైం ఎంతో ఎడతెగకుండా చాటుతుంటుంది. ఆ చాటింపు నేలకి చేరడానికి సెకనులో వందకి ఏడు వంతులు పడుతుంది. ఎంత ఆలస్యంగా చేరిందో చూసుకుని, దాన్ని కాంతి వేగంతో గుణిస్తే ఉపగ్రహం ఎంత దూరంలో ఉందో తేలుతుంది. మూడు ఉపగ్రహాల దూరాలు తెలిస్తే మన చోటు తేలాలి. కానీ ఫోనులో ఉన్నది చవక గడియారం, దాని తప్పు కూడా లెక్కలో తేలాలి గనక నాలుగోది కావాలి.

సెకనులో వంద కోట్లో వంతు తేడా వస్తే దూరంలో 30 సెంటీమీటర్లు తప్పుతుంది. ఐన్‌స్టీన్ ఊరికే వదలడు ఇక్కడ. వేగంగా తిరుగుతున్నందుకు ఉపగ్రహంలో గడియారం కాస్త వెనకబడుతుంది, భూమి ఆకర్షణ తక్కువగా ఉన్నందుకు అంతకంటే ఎక్కువ ముందుకి పోతుంది. రెండూ కలిపితే రోజుకి 38 మైక్రోసెకన్లు ముందు. దాన్ని దిద్దకుండా వదిలేస్తే ఒక్క రోజులో లెక్క పదకొండు కిలోమీటర్లు తప్పుతుంది. రుషికొండలో డబ్బా వెతుకుతున్నవాడు భీమిలి దారి పడతాడు.

టైం నుంచి చోటు రాబట్టడం విశాఖకి కొత్త విద్య కాదు. 1840 ప్రాంతంలో గోడే వెంకట జగ్గారావు అనే జమీందారీ కుటుంబీకుడు డాబాగార్డెన్స్‌లో సొంత ఖర్చుతో వేధశాల కట్టుకున్నాడు. మద్రాసు వేధశాలలో టి.జి. టేలర్ దగ్గర ఖగోళశాస్త్రం నేర్చుకున్న మనిషి. నక్షత్రాలు చూసి సరిచేసుకున్న గడియారాన్ని బట్టి, డాల్ఫిన్స్ నోస్ కొండ మీది జెండాకర్ర నుంచి రోజూ ఉదయం 9 గంటలకు సంకేతం ఇప్పించేవాడు. రేవులో ఉన్న ఓడలు ఆ జెండా చూసి తమ గడియారాలు దిద్దుకునేవి. ఓడకి గడియారం కేవలం టైం చూసుకోవడానికి కాదు, రేఖాంశం తేల్చుకోవడానికి. భూమి గంటకి 15 డిగ్రీలు తిరుగుతుంది. కాబట్టి గడియారం ఒక్క సెకను తప్పితే, విశాఖ అక్షాంశం దగ్గర ఓడ చోటు దాదాపు 440 మీటర్లు తప్పుతుంది. జగ్గారావు 1856లో పోయాక అల్లుడు అంకితం వెంకట నరసింగరావు ఆ వేధశాలను నడిపాడు. 1868 సంపూర్ణ సూర్యగ్రహణాన్నీ, 1874లో సూర్యబింబం మీదుగా శుక్రుడు సాగిన దృశ్యాన్నీ అక్కడి నుంచే పరిశీలించాడు. డాల్ఫిన్స్ నోస్ మీద జెండా చేసిన పనినే 20,200 కిలోమీటర్ల ఎత్తు నుంచి ఉపగ్రహం చేస్తోంది. మన తీరపు మనిషి సొంత డబ్బుతో చేసిన ఈ పని బడి పుస్తకాల్లో ఒక్క పేరాకి కూడా నోచుకోకపోవడం నాకు ఎప్పుడూ కొరతగానే అనిపిస్తుంది.

రెండు సెంట్ల ఇసుక

మంచి ఫోను, తెరిపి ఆకాశం ఉంటే చోటు సుమారు ఐదు మీటర్ల లోపు తేడాతో దొరుకుతుంది. ఐదు మీటర్లే కదా అనిపిస్తుంది. కానీ ఐదు మీటర్ల వ్యాసార్థంతో గీసిన వృత్తం 78 చదరపు మీటర్లు, అంటే దాదాపు రెండు సెంట్లు. పది మీటర్లు తప్పితే ఏడున్నర సెంట్లు దాటిపోతుంది. అంత జాగాలో వేలెడు డబ్బా వెతకాలి. అందుకే ఆటగాళ్లు అంకెలతో పాటు చిన్న సూచన కూడా ఇస్తారు: ఏనుగు వీపులా కనబడే రాయి కింద, ఎడమ పక్క, ఇలా. ఉంగుటూరు లెక్కలో చెప్పాలంటే తాటిచెట్టు మళ్లీ వచ్చి కూర్చుంది.

ఈ తేడా ఎక్కడి నుంచి వస్తుంది? ఎక్కువ భాగం అయనావరణం నుంచి. నేలకి కొన్ని పదుల కిలోమీటర్ల పైన మొదలై వెయ్యి కిలోమీటర్ల దాకా వ్యాపించిన పొర అది. ఎండ తీక్షణతకి అక్కడి అణువుల నుంచి ఎలక్ట్రాన్లు ఊడిపోతాయి. ఆ ఎలక్ట్రాన్ల గుంపులోంచి వచ్చేటప్పుడు ఉపగ్రహ సంకేతం నెమ్మదిస్తుంది. నెమ్మదించినంత మేరా ఉపగ్రహం మరింత దూరంలో ఉన్నట్టు ఫోను లెక్కగడుతుంది. ఈ తప్పు మీటర్లలో ఉండొచ్చు, సూర్యుడు ఉగ్రంగా ఉన్న ఏడాదిలో పదుల మీటర్లకూ పోవచ్చు. జీపీఎస్ తనంతట తాను దీనికొక సవరణ లెక్క పంపుతుంది గానీ అది తప్పులో సగం దాకానే సరిదిద్దగలదు.

యూరప్ వాళ్లకీ అయనావరణం ఉంది, మనకీ ఉంది. మన మీద ఉన్నది మాత్రం మహా పెంకిది. అయస్కాంత భూమధ్యరేఖ మన దేశపు దక్షిణ కొసకి దగ్గరగా పోతుంది. 1963లో రాకెట్ ప్రయోగాలకి తుంబాను ఎంచుకున్నది అందుకే. ఆ రేఖ మీద పగటిపూట విద్యుత్ క్షేత్రం తూర్పుకి, అయస్కాంత క్షేత్రం ఉత్తరానికి ఉంటాయి. ఆ రెండూ కలిసి ఎలక్ట్రాన్లను వందల కిలోమీటర్లు పైకి ఎత్తేస్తాయి. పైకెళ్లినవి అయస్కాంత రేఖల వెంబడి అటూ ఇటూ జారి, ఉత్తరాన, దక్షిణాన కుప్పపడతాయి. శాస్త్రవేత్తలు దీన్ని ఫౌంటెన్ అనే అంటారు. మన దేశంలో ఆ ఉత్తరపు కుప్ప దాదాపుగా అహ్మదాబాద్, భోపాల్, కోల్‌కతాల వరసలో పడుతుంది. విశాఖ అటు రేఖ మీదా లేదు, ఇటు కుప్ప మీదా లేదు. రెంటికీ మధ్య వాలులో ఉంది. వాలులో ఉండటమంటే కొంచెం దూరానికే ఎలక్ట్రాన్ల సాంద్రత చాలా మారిపోవడం. మధ్యాహ్నం రుషికొండలో నిలబడితే, దక్షిణపు ఆకాశంలో ఉన్న ఉపగ్రహం సంకేతానికి ఒక ఆలస్యం, ఉత్తరపు ఉపగ్రహం సంకేతానికి వేరే ఆలస్యం.

పొద్దు గూకాక ఇంకో గొడవ. పైకి లేచిన పొర అడుగుభాగం నిలకడ తప్పి, ఎలక్ట్రాన్లు పల్చబడ్డ భారీ బుడగలు పైకి తేలుతాయి. వాటిలోంచి వచ్చే సంకేతం మిణుకుమిణుకుమంటుంది. నక్షత్రం మినుకుమన్నట్టే, కాకపోతే రేడియోలో. ఒక్కోసారి ఫోనుకి ఆ ఉపగ్రహం కాసేపు మాయమైపోతుంది. మార్చి, సెప్టెంబరు చుట్టుపక్కల నెలల్లో, సౌరచక్రం ముదిరిన ఏళ్లలో ఇది ఎక్కువ. ప్రస్తుత చక్రం 2024లో పతాకస్థాయికి చేరింది. సాయంత్రం గాలికి బీచ్‌కి వెళ్లి, దీపాలు పెట్టాక డబ్బా వెతుకుదామనుకునేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకుంటే ఫోనును తిట్టరు.

ఈ పెంకి పొరను చదివినవాళ్లు మనవాళ్లే. బి. రామచంద్రరావు వంటి ఆచార్యుల కాలం నుంచీ ఆంధ్ర విశ్వవిద్యాలయం భౌతికశాస్త్ర విభాగం అయనావరణ పరిశోధనకి పెట్టింది పేరు. అక్కడి పి.వి.ఎస్. రామారావు, ఆయన సహచరులు దేశమంతటా పెట్టిన జీపీఎస్ రిసీవర్ల లెక్కలు తీసి, 2004, 2005 సంవత్సరాల్లో మన ఆకాశంలో ఎలక్ట్రాన్లు ఏ అక్షాంశం మీద ఏ వేళకి ఎంత ఉన్నాయో పరిచి చూపారు. 2006లో ఆ పత్రం అచ్చయింది. హైదరాబాద్‌లో ఉస్మానియా విశ్వవిద్యాలయం నావిగేషన్ ఎలక్ట్రానిక్స్ కేంద్రం కూడా ఇదే పనిలో మునిగింది. ఈ కృషి ఎందుకంటే విమానాల కోసం. ఇస్రో, విమానాశ్రయాల ప్రాధికార సంస్థ కలిసి తెచ్చిన గగన్ వ్యవస్థ దేశంలో 15 చోట్ల స్థిరమైన కేంద్రాలు పెట్టి, వాటికి జీపీఎస్ చెబుతున్న చోటుకీ అసలు చోటుకీ తేడా ఎంతో కనిపెట్టి, ఆ సవరణను ఉపగ్రహం ద్వారా విమానాలకి పంపుతుంది. భూమధ్యరేఖకి ఇంత దగ్గర్లో అలాంటి వ్యవస్థ నడపడం ప్రపంచంలో మనతోనే మొదలు. 2022 ఏప్రిల్‌లో రాజస్థాన్‌లోని కిషన్‌గఢ్‌లో ఒక విమానయాన సంస్థ విమానం గగన్ సాయంతో దిగింది.

రీసర్వే రోవరు చేసేదీ సూత్రంలో అదే. తెలిసిన చోట కదలకుండా నిలబడ్డ కేంద్రం నుంచి దానికి ఎప్పటికప్పుడు సవరణ అందుతుంది. పైగా అది సంకేతంలోని సందేశాన్ని కొలిచి ఊరుకోదు, సంకేతపు తరంగాన్నే కొలుస్తుంది. ఆ తరంగం పొడవు 19 సెంటీమీటర్లు. అందులో చిన్న భాగాన్ని కూడా కొలవగలదు గనక రోవరుకి అంగుళం తేడా కూడా తెలుస్తుంది, మన ఫోనుకి తెలియదు. అలాగని డబ్బాల ఆటకి లక్షల ఖరీదు రోవరు ఎవరూ మోసుకెళ్లరు. ఇప్పటి కొన్ని ఫోన్లలో వేరే ఉపాయం ఉంది. ఒకే ఉపగ్రహం నుంచి రెండు వేర్వేరు పౌనఃపున్యాల్లో సంకేతాలు తీసుకుంటాయి. అయనావరణం రెంటినీ ఒకేలా ఆపదు, తక్కువ పౌనఃపున్యాన్ని ఎక్కువ ఆపుతుంది. ఆ తేడా చూస్తే తప్పు ఎంతో బయటపడుతుంది. శ్రీహరికోట నుంచే 2013 జులై 1న తొలి ఉపగ్రహం ఎగిరిన మన సొంత స్థాన నిర్దేశ వ్యవస్థ నావిక్ కూడా మొదటి నుంచీ రెండు పౌనఃపున్యాలతోనే ఉంది. 2023 మే 29న పంపిన దాంట్లో దేశంలోనే తయారైన రుబీడియం అణుగడియారం పెట్టారు. మొదటి ఉపగ్రహంలో బయట కొన్న గడియారాలు మూడూ ఆగిపోయిన చేదు అనుభవం తర్వాత వేసిన అడుగు అది.

కొండరాళ్ల చాటున ఇంకో చికాకు. సంకేతం నేరుగా రాకుండా రాతిగోడకి తగిలి తిరిగి వస్తుంది. చుట్టుదారి తొక్కిన దూరమంతా ఫోను లెక్కలో కలిసిపోతుంది. అందుకని డబ్బా దాచేవాళ్లు రాయి పక్కన నిలబడి చూసిన మొదటి అంకెను నమ్మరు. ఫోనును రాతి మీద పెట్టి కాసేపు ఆగుతారు, వేరే పూట మళ్లీ వచ్చి చూస్తారు, సగటు తీస్తారు. నీళ్లలోకి మాత్రం జీపీఎస్ సంకేతం చొరనే చొరదు. రామకృష్ణా బీచ్‌లో మ్యూజియంగా నిలిపిన కురుసుర జలాంతర్గామిని చూసినప్పుడు ఇది తలుచుకోండి. 1969 నుంచి 2001 దాకా సేవ చేసిన ఆ నావ నీట మునిగి ఉన్నంతసేపూ వేగం, దిశ, గడిచిన టైం లెక్కేసుకుని తన చోటు తానే ఊహించుకోవాల్సి వచ్చేది.

నేలా నిలకడగా లేదు

ఆకాశం సంగతి అలా ఉంచి, కాళ్ల కింద భూమి అయినా నిలకడగా ఉందా అంటే లేదు. భారత ఫలకం ఏటా సుమారు ఐదు సెంటీమీటర్ల చొప్పున ఈశాన్యంగా కదులుతోంది. హైదరాబాద్‌లోని భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్ఐ ఆవరణలో ఉన్న శాశ్వత జీపీఎస్ కేంద్రం ఈ కదలికను ఏళ్ల తరబడి నమోదు చేస్తోంది. ఆట పుట్టిన 2000లో విశాఖ రాళ్లలో ఎవరైనా డబ్బా దాచి ఉంటే, పాతికేళ్లలో ఆ రాయి డబ్బాతో సహా మీటరు పైన జరిగింది. జీపీఎస్ అంకెలు మొత్తం భూగోళాన్ని బట్టి వేసినవి. వాటికి మన ఫలకం ప్రయాణంతో పనిలేదు.

పాత సర్వే పటాలు పట్టుకొస్తే తేడా ఇంకా పెద్దది. బ్రిటిషు వాళ్లు మన దేశానికి సరిపోయేలా భూమి ఆకారాన్ని ఊహించుకుని, ఎవరెస్ట్ పేరుతో వేసిన లెక్క మీద ఆ పటాలు గీశారు. అదే అక్షాంశ రేఖాంశాలను ఈనాటి జీపీఎస్‌లో కొడితే విశాఖ దగ్గర సుమారు రెండు వందల మీటర్లు పక్కకి పోతాం.

ఎత్తు విషయం మరీ తమాషా. సవరణ వేయని జీపీఎస్ ఎత్తును నమ్మితే, రుషికొండ ఒడ్డున పొడి ఇసుకలో నిలబడ్డ మనిషి సముద్రానికి పదుల మీటర్ల అడుగున ఉన్నట్టు లెక్క. జీపీఎస్ భూమిని నున్నటి అండాకారంగా తీసుకుంటుంది. నిజమైన సముద్రమట్టం గురుత్వాకర్షణ ఎక్కడ ఎంత ఉందో దాన్ని బట్టి ఎగుడుదిగుడుగా ఉంటుంది. ఆ దిగుళ్లలో ప్రపంచంలోకెల్లా పెద్దది శ్రీలంకకి దక్షిణాన ఉంది. అక్కడ సముద్రమట్టం ఆ నున్నటి ఆకారం కంటే వంద మీటర్లకు పైగా కిందికి ఉంటుంది. దాని ప్రభావం మన దాకా వస్తుంది. హైదరాబాద్‌లోనే ఈ తేడా 75 మీటర్లు దాటుతుంది. ఫోన్లు దీన్ని లోలోపలే సర్దేస్తాయి గనక మనకి తెలియదు. మన ఇళ్ల ఎత్తులు, కాలవల మట్టాలు లెక్కించే సముద్రమట్టం మాత్రం ఉపగ్రహాల కంటే ముందుది. 1909లో దేశపు మట్టాల వలను ఖాయం చేసినప్పుడు ఆధారంగా తీసుకున్న తొమ్మిది ఆటుపోట్ల కేంద్రాల్లో విశాఖపట్నం ఒకటి.

ఇసుక చేసే పని

ఇప్పటిదాకా చెప్పిన తప్పులన్నీ మీటర్లలోవి. ఇసుక చేసే తప్పుకి అంత మర్యాద లేదు.

విశాఖలో పెద్ద పోటుకీ పెద్ద పాటుకీ నీటిమట్టంలో సుమారు ఒకటిన్నర మీటరు తేడా. ఒడ్డు ఇరవై మీటర్లకి ఒక మీటరు చొప్పున వాలి ఉందనుకుంటే, నీటి అంచు రోజులో ముప్పై మీటర్లు ముందుకీ వెనక్కీ జరుగుతుంది. పాటు వేళ పొడిగా ఉన్న రాతిసందు పోటు వేళకి నీళ్లలో. దక్షిణ మహాసముద్రంలో పుట్టి వేల కిలోమీటర్లు ప్రయాణించి వచ్చే దీర్ఘతరంగాలు వేసవిలో ఇక్కడ చక్కగా లేస్తాయి, సర్ఫింగ్ వాళ్లకి పండగ అప్పుడే. నీటి లోతు దాదాపు కెరటం ఎత్తుకి తగ్గేసరికి కెరటం విరుగుతుంది. అది ఎక్కడ విరగాలో నిర్ణయించేది అడుగున ఉన్న ఇసుక తిన్నె. ఆ తిన్నె పోయిన నెల ఉన్నచోట ఈ నెల ఉండదు. వర్షాకాలపు పెద్ద కెరటాలు ఒడ్డు ఇసుకను కోసి లోపలికి పట్టుకుపోతాయి, నెమ్మది కాలంలో చిన్న కెరటాలు కొంత తెచ్చి పోస్తాయి. ఒకే చోట ఒడ్డు మట్టం ఏడాదిలో ఒక మీటరు దిగి మళ్లీ లేవడం మామూలే. మోకాలి లోతున పాతిన డబ్బా ఒక రుతువులో తేలి కొట్టుకుపోతుంది, ఇంకో రుతువులో నిలువెత్తు ఇసుక కింద పడుతుంది. అంకెలు మాత్రం అవే ఉంటాయి.

పైగా తీరం పొడవునా ఇసుక ఏటా లక్షల ఘనపు మీటర్ల లెక్కన ఉత్తరానికి ప్రయాణిస్తుంది. 1933లో తెరిచిన రేవు కోసం మొదట రెండు పాత ఓడలనే రాళ్లతో నింపి అడ్డుగా ముంచారు. తర్వాత బాహ్య రేవు గోడలు వచ్చాయి. ఆ అడ్డుల దక్షిణాన ఇసుక ఆగిపోతుంది, ఉత్తరాన ఉన్న రామకృష్ణా బీచ్‌కి రావలసినది రాదు. అందుకని రేవు వాళ్లు ఇసుక తోడి బీచ్‌కి పోయిస్తుంటారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు బీచ్ రోడ్డే కోతకి గురైంది, డబ్బా ఒక లెక్కా.

ఆట నియమాల్లో పాతిపెట్టకూడదన్న నియమం గట్టిగా ఉంది. అది మన తీరానికి ఇంకా బాగా వర్తిస్తుంది. జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఆలివ్ రిడ్లీ తాబేళ్లు ఈ ఒడ్డున గుడ్లు పెడతాయి. వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూలు జీవి అది. డబ్బా కోసం ఇసుక తవ్వి గూడు చెదరగొడితే ఆట కాస్తా నేరమవుతుంది. తూర్పు నౌకాదళం కొలువున్న ఊరు కూడా కదా. రాళ్లలో దాచిన డబ్బా కనబడితే పోలీసులు దాన్ని ఆటగా చూడరు, చూడాలని మనం కోరకూడదు. కెరటాల దగ్గర ఫోను తెర వంకే చూస్తూ సముద్రానికి వీపు పెట్టడం అన్నిటికంటే ప్రమాదం. ఒడ్డు నుంచి లోపలికి లాగే రిప్ కరెంట్ పైకి ప్రశాంతంగా కనబడే నీళ్లలోనే ఉంటుంది. చిక్కుకుంటే ఒడ్డుకి ఎదురీదకుండా పక్కకి ఈది బయటపడాలి. హైదరాబాద్‌లోని సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ రోజూ ఇచ్చే అలల ఎత్తు అంచనా చూసుకుని బయల్దేరడం అసలైన తెలివి.

డబ్బా లేని ఆట

ఇదంతా చదివాక బీచ్‌లో ఈ ఆట కుదరదని తేల్చేస్తారేమో. కుదురుతుంది, డబ్బా తీసేస్తే. 2004 జనవరిలో ఆస్ట్రేలియా తూర్పు తీరంలో, మురమరాంగ్ జాతీయ ఉద్యానవనంలోని సముద్రపు రాళ్ల దగ్గర ఎర్త్‌కేష్ అనే కొత్త రకం మొదలైంది. అక్కడ దాచేది ఏమీ ఉండదు. అంకెలు మనల్ని ఒక రాయి దగ్గరికో, ఒక పొర దగ్గరికో తీసుకెళ్తాయి. అక్కడ చూసి, కొలిచి, కొన్ని ప్రశ్నలకి జవాబులు పంపాలి. రాసుకునే పుస్తకం, తడిసే కాగితం, తవ్వే ఇసుక ఏవీ లేవు.

దానికి విశాఖ, భీమునిపట్నాల మధ్య ఉన్న ఎర్రమట్టి దిబ్బలను మించిన చోటు మన తీరంలో లేదు. ఇనుము తుప్పు పూతతో ఎర్రబడ్డ ఇసుక అది. తూర్పు కనుమల ఖోండలైటు రాళ్లు అరిగి వచ్చిన గార్నెట్ రేణువులు అందులో భూతద్దానికి ఎర్రగా మెరుస్తాయి. ఇరవై వేల ఏళ్ల కిందట, హిమయుగం ముదిరినప్పుడు, సముద్రం ఇప్పటికంటే సుమారు 120 మీటర్లు కిందికి ఉండేది. తీరరేఖ ఎక్కడో కిలోమీటర్ల దూరాన ఉండేది. ఆరిన సముద్రపు ఇసుకను గాలి ఎగరేసి ఒడ్డున పోసింది, వానలు తర్వాత లోయలుగా కోశాయి. దేశంలో ఇలాంటివి ఇక్కడ కాక తమిళనాడు తేరి ఇసుకల్లోనే ఉన్నాయి. జాతీయ భూవారసత్వ ప్రదేశంగా గుర్తింపు పొందిన ఈ దిబ్బలు 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాకీ ఎక్కాయి.

ఊరికాని ఊళ్లో డబ్బా పెట్టి చూసుకోకుండా పోకూడదని ఆట నియమం. ఎర్త్‌కేష్‌కీ ఎవరో ఒకరు పూచీ పడాలి, ఆ స్థలం చూసేవాళ్ల అనుమతీ తీసుకోవాలి. అందువల్ల మా ఉంగుటూరు నుంచి వెళ్లేవాళ్లు ఆడగలరు గానీ పెట్టలేరు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో భూగర్భశాస్త్రం చదివే విద్యార్థులు పూనుకోవాలి. తెలుగులో నాలుగు మంచి ప్రశ్నలు రాసిపెడితే చాలు, మామిడి సీజన్ అయ్యాక వచ్చే పిల్లలు ఫోను పట్టుకుని ఆ దిబ్బల దగ్గరికి వాళ్లే వెతుక్కుంటూ వెళ్తారు. వెళ్లినవాళ్లకి ఒకే ఒక్క మనవి: సెల్ఫీ ఎన్నయినా తీసుకోండి, ఆ ఎర్ర ఇసుక మాత్రం పిడికెడు కూడా తీసుకురావద్దు.